బాగా ఎరిగిన కానివాళ్లు

ఐర్లండులో పుట్టిన నానమ్మలు బతికుండగా వాళ్లను పట్టించుకున్న మనవలను లివర్‌పూల్ పక్కనున్న మా క్రాస్బీలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బ్రిటన్ యూరప్ కూటమిలోంచి బయటికొచ్చేశాక మాత్రం చచ్చిపోయిన నానమ్మల మీద ఊరందరికీ ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. అక్కడ పుట్టిన నానమ్మో తాతో ఒకరుంటే చాలు, ఐరిష్ పౌరసత్వం ఇస్తారట, దాని వెనకే పాస్‌పోర్టూ ఇస్తారట. అంతే, ఊరు ఊరంతా అటకలెక్కింది. సమాధి మీద ఏనాడూ ఒక పువ్వు పెట్టనివాళ్లు కూడా నానమ్మ ఏ పల్లెలో పుట్టిందో, ఆవిడ తండ్రి ఏం పని చేసేవాడో ఆరా తీయడం మొదలుపెట్టారు.

రోలండ్ టనిక్లిఫ్ అందరికంటే ఆలస్యంగా అటకెక్కాడు. ఎందుకంటే కూటమిలోంచి పోదాం పదండని ఓటు వేసినవాళ్లలో అతనొకడు. వేసి ఊరుకోలేదు, ఆ మాట రాసిన అట్టను వీధి కిటికీకి అంటించాడు కూడా. అతని బుద్ధి మార్చింది రాజకీయం కాదు, స్పెయిన్లో మాలగా విమానాశ్రయం. సెలవులకని వెళ్లి, భార్య గ్వెన్‌తో కలిసి బ్రిటిష్ వాళ్ల క్యూలో నిలబడ్డాడు. క్యూ కదలదు. పక్క దారిలో మా ఊరి మాంసం కొట్టు టెరెన్స్ డఫీ ఐరిష్ పాస్‌పోర్టుతో విసురుకుంటూ చేతులూపుకుంటూ పోతున్నాడు.

"ఏంటి రోలండ్, ఇంకా అక్కడే ఉన్నావా? మేం పోయి బీరు చెప్పి ఉంచుతాంలే" అన్నాడు టెరెన్స్, ఆగకుండానే.

గ్వెన్ పెట్టె మీద కూలబడి చెప్పులు విప్పింది. "మనం కోరి తెచ్చుకున్న స్వేచ్ఛ ఇదే కదా? కాళ్లు పీకుతున్నాయి. కాస్త తొందరగా కదలమను దాన్ని."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. రోలండ్ ఆ సెలవుల నుంచి తిరిగొచ్చిన రోజే కాలు కడుక్కోవడానికి కూర్చున్నాడు. అతని తండ్రి తల్లి డీలియా మెక్‌గిర్ లీట్రిమ్ జిల్లాలో డ్రమ్‌కీల్ అనే పల్లెలో పుట్టి, చిన్నతనంలోనే పనికోసం సముద్రం దాటి లివర్‌పూల్ చేరిన మనిషి. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. ఎవరైనా అడిగితే "మా అమ్మది పల్లెటూరు" అని మాట దాటేసేవాడట తండ్రి. రోలండ్ అయితే ఐరిష్ వాళ్ల మీద జోకులు చెప్పడంలో ఒకప్పుడు ఆఫీసులో పేరు మోసినవాడు. అలాంటివాడు మూడు తరాల జనన పత్రాలూ పెళ్లి పత్రాలూ మరణ పత్రాలూ తెప్పించి, నీలం రంగు ఫైల్లో వరసగా పేర్చాడు. కాగితాలు పేర్చడంలో అతనికి తిరుగులేదు. ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చొని ఒక బీమా కంపెనీకి వచ్చే క్లెయిములు తిరగ్గొట్టడం అతని ఉద్యోగం. ఇల్లు తగలబడ్డవాడు దరఖాస్తులో తేదీ తప్పు రాస్తే అది చాలు అతనికి.

ఇంతలో గ్వెన్ నెల తప్పింది. అప్పటికి ఆమెకు నలభై దాటాయి. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఈసారి మూడో నెల దాటేదాకా ఇద్దరూ ఆ మాట పైకి అనలేదు. దాటాక ఒకరోజు టీ తాగుతూ గ్వెన్ "సెప్టెంబరు అంటున్నారు" అంది. రోలండ్ తలూపి, టీ కప్పు తీసుకెళ్లి కడిగాడు. కడిగిందే మళ్లీ కడిగాడు.

ఆ సాయంత్రమే అతను నిబంధనలన్నీ మళ్లీ చదివాడు. చదివితే తెలిసింది. నానమ్మ పేరు చెప్పుకొని పౌరుడయ్యేవాడు విదేశీ జననాల రిజిస్టరులో తన పేరు ఎక్కించుకోవాలి. అలా ఎక్కిన తర్వాత పుట్టిన బిడ్డకు ఆ హక్కు దక్కుతుంది. ఎక్కకముందే పుట్టిందో, దక్కదు. మునిమనవల దాకా నానమ్మ చెయ్యి అందదు. రోలండ్‌కు క్యూ సంగతి అప్పుడే మనసులోంచి పోయింది. అతని దగ్గర ఆస్తి లేదు, ఇంటి మీద బాకీ ఉంది. పుట్టబోయే బిడ్డ చేతిలో పెట్టడానికి ఉన్నదల్లా ఇరవై ఏడు దేశాల తలుపులు, వాటిని తాను తన ఓటుతోనే ఒకసారి మూశాడు. ఈసారి ఎలాగైనా తెరిచి తీరాలనుకున్నాడు. కడుపుతో ఉన్నవాళ్ల ఇంటి కాగితాలను డబ్లిన్ ఆఫీసువాళ్లు ముందుకు జరుపుతారట. కాబట్టి వెంటనే పంపితే సరిపోతుంది.

పంపబోయి ఆఖరి పేజీ దగ్గర ఆగిపోయాడు. అక్కడ సాక్షి కావాలి. డాక్టరో లాయరో టీచరో పోలీసో చర్చి ఫాదరో బ్యాంకు మేనేజరో, జనం ఎన్నుకున్న ప్రతినిధో అయ్యుండాలి. పదవిలో ఉండాలి, రిటైరైనవాళ్లు పనికిరారు. దరఖాస్తు పెట్టేవాణ్ణి వ్యక్తిగతంగా ఎరిగినవాళ్లై ఉండాలి. బంధువు మాత్రం కాకూడదు. వాళ్లు సంతకం చేసి, ముద్ర కొట్టి, ఫొటోల వెనక కూడా రాసివ్వాలి.

"నిన్ను ఎరిగినవాళ్లెవరున్నారు?" అంది గ్వెన్.

రోలండ్ నవ్వాడు. తర్వాత ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ నవ్వు తగ్గింది.

ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. లోపలికైతే పోలేదు, ముందు బల్ల దగ్గరే ఆపేసిందొక పెద్దావిడ.

"డాక్టరుగారు మిమ్మల్ని ఎప్పుడైనా చూశారా బాబూ?"

"ఫోన్లో మాట్లాడారండి. రెండు మూడుసార్లు."

"గొంతుకు సాక్ష్యం ఇవ్వరు నాయనా. ఫొటో వెనక సంతకం పెట్టాలంటే ముఖం చూసుండాలి కదా."

బ్యాంకు మేనేజరు కోసం వెళ్తే బ్యాంకే లేదు, కాఫీ హోటలైంది. మేనేజరు కూర్చునే గదిలో కేకులు పెట్టారు. పోలీసు స్టేషను అపార్టుమెంటైపోయింది. లాయరు మర్యాదస్తుడు. మిమ్మల్ని ఎరగను గానీ ఎరగడానికి అభ్యంతరం లేదు, గంటకింత అవుతుంది అన్నాడు. మా వార్డు కౌన్సిలరమ్మ అయితే పేరు వినగానే కుర్చీలో వెనక్కి వాలింది. వీధి దీపం, చెత్త డబ్బా, పావురాలు, ఐస్‌క్రీం బండి గంట, వీటన్నిటి మీదా రోలండ్ ఆవిడకు వారం వారం ఫిర్యాదు రాసేవాడు.

"మీ ఉత్తరాల్ని బాగా ఎరుగుదును మిస్టర్ టనిక్లిఫ్, మిమ్మల్ని ఎరగను. ఆ ఉత్తరాలకి పౌరసత్వం ఇప్పించమనండి, ఇప్పుడే సంతకం పెడతా. వేరే దేశానికి పోతాయి" అంది.

ఇంటికొచ్చి చెబితే గ్వెన్ జాలిపడలేదు. "మా మొక్కల దుకాణంలో నా స్నేహితురాళ్లు ఉన్నారు. ఒకామె చెల్లెలు టీచరు, ఒకామె మొగుడు పళ్ల డాక్టరు. వాళ్లు ఇంటికొస్తే నువ్వేం చేస్తావ్? మేడెక్కి తలుపేసుకుంటావు. వాళ్లకు తెలిసింది మెట్ల మీద నీ కాళ్లు మాత్రమే."

"అయితే ఏం చెయ్యమంటావ్?"

"పక్కింటావిడ ఉందిగా. బడి పెద్ద."

"ప్రాణం పోయినా అడగను."

పక్కింటావిడ పేరు మిస్ మ్యూరియెల్ హెస్కెత్. వీధి చివర పిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ, అదీ ఒంటి ఇటుక గోడ. ఆవిడ ఊరి బ్యాండులో ట్రాంబోను అనే పొడుగు ఇత్తడి బూర వాయిస్తుంది. వాయిస్తుంది అనడం మర్యాదకే, దాని గొట్టంలోంచి వచ్చేది వింటే పశువుల డాక్టరును పిలవబుద్ధవుతుంది. రోలండ్ ఆవిడ మీద కౌన్సిలుకు ఎన్నోసార్లు రాసి, చప్పుడు కొలిచే యంత్రంతో మనిషిని కూడా రప్పించాడు. కొలిచిన రోజు ఆవిడ ఊళ్లో లేదు. ఆ తర్వాత ఏళ్లుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు, ఉత్తరాలే. గుమ్మాల మధ్య నాలుగడుగులైనా తపాలా బిళ్ల అంటించి మరీ పంపుకునేవారు.

"పోనీ చర్చికి పో" అంది గ్వెన్. "మీ నానమ్మ పోయేది కదా."

అలా రోలండ్ చర్చి ముఖం చూశాడు. అక్కడి ఫాదర్ గిల్‌రేన్ లీట్రిమ్ జిల్లాలోనే పుట్టి, కుర్రతనంలో వచ్చి మా ఊళ్లో జుట్టు నెరిసిన మనిషి. మొదటి ఆదివారం అందరూ నిలబడితే రోలండ్ కూర్చున్నాడు, అందరూ కూర్చుంటే నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక టీ దగ్గర కుర్చీలు మడవడానికి మనిషి కావాలంటే మాత్రం చెయ్యెత్తాడు. ఆ పని అతనికి బాగా వచ్చింది. కుర్చీలు మడిచాడు, కప్పులు కడిగాడు, ముసలమ్మల్ని కారు దాకా నడిపించాడు. స్వార్థంతో మొదలుపెట్టిన పనే. అయినా ముసలమ్మలు "నీ పేరేంటి నాయనా" అని అడుగుతుంటే బాగానే ఉండేది. ఊళ్లో అతని పేరు అలా అడిగినవాళ్లు అంతకుముందు లేరు.

వసంతం ముదిరేసరికి ఫాదర్ అతన్ని దూరం నుంచే గుర్తుపట్టి పిలుస్తున్నాడు. "ఈయనకు మోకాళ్లు వంగవు గానీ నడుం బాగా వంగుతుంది" అని అందరికీ చెప్పేవాడు. ఇక ఆలస్యం చెయ్యకూడదని రోలండ్ ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకొని, దరఖాస్తు పట్టుకొని ఫాదర్ ఇంటికి వెళ్లాడు.

ఫాదర్ కళ్లజోడు పెట్టుకున్నాడు, పెన్ను తీశాడు. "ఎరుగుదువా అంటే ఎరుగుదును. బంధువా అంటే కాదు. ఎక్కడ పెట్టను?" అని ఆఖరి పేజీ తిప్పి, ఆగాడు. "ఇదేంటి, నీ సంతకం ముందే పెట్టేశావే?"

"ఇంట్లో తీరిగ్గా, చక్కగా పెట్టుకొచ్చానండి. మీ టైము వృథా కాకుండా."

"నా కళ్లెదుట పెట్టాలని రాసుంది కదయ్యా ఇక్కడ. చూడనిదానికి సాక్ష్యం ఎలా చెప్పను? దేవుణ్ణయితే చూడకుండా నమ్మమంటాం గానీ, సంతకాల్ని అలా నమ్మకూడదు."

ఊళ్లోవాళ్ల కాగితాల్లో చీమ తలకాయంత తప్పు కూడా కనిపెట్టే మనిషికి తన కాగితంలో ఏనుగు కనపడలేదు. అది మా ఇంగ్లీషువాళ్ల జబ్బు. ఎవరింటికైనా పోతే వాళ్లను ఇబ్బంది పెట్టకుండా అన్నీ ఇంటి దగ్గరే చేసుకొని పోతాం, చివరికి చావు తెచ్చుకుంటాం. రోలండ్ సిగ్గుపడి, కొత్త కాగితం తీసుకొని వచ్చే ఆదివారం వస్తానన్నాడు.

వచ్చే ఆదివారం వచ్చాడు. ఈసారి ఏ లోటూ ఉండకూడదని నీలం ఫైలు మొత్తం తెచ్చాడు. అదే అతను చేసిన పొరపాటు.

ఫాదర్ టీ పోశాడు, ఎండుద్రాక్ష రొట్టె ముక్క మీద వెన్న రాసిచ్చాడు. పెన్ను చేతిలోకి తీసుకున్నాడు కూడా. అంతలో ఫైల్లో పైనున్న కాగితం మీద అతని కన్ను పడింది. లీట్రిమ్ మనిషికి లీట్రిమ్ కాగితం కనపడితే, పక్కనే ఇల్లు అంటుకున్నా ముందు ఆ కాగితమే చదువుతాడు.

"డ్రమ్‌కీలా?" అన్నాడు. "డ్రమ్‌కీల్లో మీవాళ్లెవరు?"

ఆ ప్రశ్న అడగకుండా ఐరిష్ మనిషి ఇంకో ఐరిష్ మనిషికి మంచినీళ్లయినా ఇవ్వడు. రోలండ్‌కు అది తెలియదు. పైగా ఎవరైనా తనవాళ్ల గురించి అడిగినందుకు పొంగిపోయాడు. "మెక్‌గిర్‌లండి. మా నానమ్మ డీలియా మెక్‌గిర్."

"ఏ మెక్‌గిర్‌లు? బురదనేల మెక్‌గిర్‌లా, కొలిమి మెక్‌గిర్‌లా?"

రోలండ్ కాగితం తిప్పి చూపించాడు. "తండ్రి వృత్తి కమ్మరం అని రాసుందండి."

ఫాదర్ పెన్ను కింద పెట్టాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "కొలిమి ఇంట్లో ఇద్దరాడపిల్లలు. పెద్దది నోరా, చిన్నది ఇంగ్లండు పోయింది, మళ్లీ కబురు లేదు. నోరా గిల్‌రేన్‌ల ఇంటికి కోడలుగా వచ్చింది." లేచి నిలబడ్డాడు. "ఆవిడ మా నాన్న తల్లి. అంటే మీ నాన్నా మా నాన్నా అక్కచెల్లెళ్ల బిడ్డలు. నువ్వు నాకు తమ్ముడివిరా."

అని రొట్టె ముక్కతో సహా అతన్ని కావలించుకున్నాడు. కళ్లు తుడుచుకుంటూనే ఫోను తీసి లీట్రిమ్‌లో ఉన్న చెల్లెలికి కలిపాడు. "డీలియా మనవడు దొరికాడే. ఇక్కడే, నా ఎదురుగా ఉన్నాడు. కుర్చీలు మోస్తాడు." అవతల నుంచి ఏడుపూ నవ్వూ కలిసి వినిపించాయి. ఫోను చేతులు మారింది, మళ్లీ మారింది. చెల్లెలు టీచరు. ఆమె మొగుడు డాక్టరు. వాళ్లబ్బాయి పోలీసు, మరిది లాయరు, ఇంకొక ఆయన జిల్లా సభకు ఎన్నికైనవాడు. అందరూ రోలండ్‌ను భోజనానికి రమ్మన్నారు. అందరివీ పనికొచ్చే ఉద్యోగాలే, అందరూ పనికిరాని చుట్టాలే.

ఫోను పెట్టాక రోలండ్ దరఖాస్తు మళ్లీ ముందుకు జరిపాడు. "మరి సంతకం, ఫాదర్?"

ఫాదర్ ముఖంలో సంతోషం మెల్లగా దిగిపోయింది. "బంధువు కాకూడదని ఉంది కదరా."

"ఇందాకటిదాకా కాదు కదా. పోయిన వారం నా సంతకం ముందే లేకపోతే పెట్టేసేవారు కదా."

"పోయిన వారం తెలియదు. ఇప్పుడు తెలిసింది."

"ఒక్క అయిదు నిమిషాలు తెలియదనుకోండి."

"నీ పొరుగువాని మీద అబద్ధసాక్ష్యము పలుకకూడదు. ఎనిమిదో ఆజ్ఞ. పదింటిలో అది ఒక్కటే నేనింతవరకు తప్పలేదు, తప్పించకు తమ్ముడూ." ఫాదర్ అతని చెయ్యి పట్టుకొని ఊపాడు. "అయినా నీకు పొరుగువాళ్లు లేరా? బంధువు కానివాడు కావాలంటే పొరుగువాణ్ణి మించినవాడెవడు?"

రోలండ్ ఫైలు పట్టుకొని ఇంటికొచ్చాడు. ఏ మాట కాగితాలతో చెప్పిద్దామని తిరుగుతున్నాడో, ఆ మాట ఇక ఎవరికీ అనుమానం లేకుండా రుజువైపోయింది. అతను నిఖార్సయిన ఐరిష్ వాడు. అందుకే సాక్షి చేజారిపోయాడు.

విన్న గ్వెన్ పొట్ట పట్టుకొని నవ్వింది. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఏడ్చింది. "నవ్వకేం చెయ్యను? ఊరు ఊరంతా తిరిగావు, పక్క గుమ్మం మాత్రం తొక్కవు. బిడ్డ కోసం అంటావు, ఆవిడ ముందు తల వంచడానికి మాత్రం నీకు చేతకాదు."

"బిడ్డ కోసమే కదా ఇదంతా."

"ఏమో. నాకెలా తెలుస్తుంది? రెండు పోయినప్పుడూ నీ కంట చుక్క చూడలేదు నేను. మర్నాడు కంప్యూటరు ముందు కూర్చున్నావు. ఎవరిదో కాలిపోయిన గరాజు ఫైలు చూసుకుంటూ."

ఆమె అన్నది నిజం, గరాజు ఫైలు సంగతి కూడా నిజమే. రోలండ్ ఫైలు తీసుకొని, పక్కింటి గుమ్మం ముందుకు పోయి గంట కొట్టాడు.

మిస్ హెస్కెత్ తలుపు తీసింది. పొట్టి మనిషి, తెల్ల జుట్టు, ఎదురుగా ఎవరున్నా చొక్కా గుండీలు సరిచూసుకోవాలనిపించే చూపు.

"ఉత్తరం పోస్టులో వేస్తే సరిపోయేది కదా మిస్టర్ టనిక్లిఫ్" అంది.

అతను గుమ్మంలోనే నిలబడి సంగతంతా చెప్పాడు. నానమ్మ, రిజిస్టరు, సెప్టెంబరు, ఫాదర్. ఎక్కడైనా ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనేమోనని ఆగకుండా చెప్పాడు. చివర "మీరు సంతకం పెడితే ట్రాంబోను మీద ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటాను" అన్నాడు.

"సాక్షికి లంచమా? బడిలో అయితే గోడవైపు నిలబెట్టేదాన్ని. అసలు ఫిర్యాదు ఎందుకు వెనక్కి? నేను వాయించేది దారుణంగానే ఉంటుంది. మా బ్యాండు వాళ్లు మొహమాటానికి చెప్పరు, మీరొక్కరే చెప్పారు." ఆవిడ పక్కకు జరిగింది. "లోపలికి రండి. కాళ్లు తుడుచుకోండి."

బల్ల దగ్గర కూర్చోబెట్టి దరఖాస్తు మొదటి నుంచి చివరిదాకా చదివింది. ఒకచోట పల్లె పేరులో అక్షరం తప్పు పట్టుకొని దిద్దించింది. సంతకం తన ఎదుటే పెట్టించి, పెన్ను సరిగ్గా పట్టుకోమంది.

"మీరు నన్ను వ్యక్తిగతంగా ఎరుగుదురనే రాస్తారా?" అన్నాడు రోలండ్. ఆ మాట అడగడానికి అతనికి భయమేసింది.

"ఒంటి ఇటుక గోడకు అటూ ఇటూ బతికినవాళ్లం. ఇంకేమని రాస్తాను?"

ఫొటోల వెనక రాసింది. నున్నటి కాగితం కాబట్టి సిరా అలుక్కుపోకుండా ఆరేదాకా ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ముద్ర దగ్గర చిక్కొచ్చింది. ఆవిడ సంచిలో ఉన్న ముద్ర తీసి సిరా అద్దింది గానీ, అది పిల్లల నోటుపుస్తకాల మీద కొట్టేది. నవ్వుతున్న తేనెటీగ బొమ్మ, దాని కింద 'భలే రాశావు' అన్న మాట. రోలండ్ రెండు చేతులూ కాగితం మీద అడ్డం పెట్టాడు.

"కొట్టనులెండి, చెయ్యి తియ్యండి. అంత బాగా ఏం రాయలేదు మీరు" అందావిడ. కోటు వేసుకొని, అతన్ని వెంటబెట్టుకొని బడికి నడిచి, ఆఫీసు గది తెరిచి అసలు ముద్ర కొట్టింది. దారిలో ఇద్దరూ పక్కపక్కనే పోతుంటే టెరెన్స్ డఫీ మాంసం కొట్టులోంచి బయటికొచ్చి మరీ చూశాడు.

కాగితాలు డబ్లిన్ పోయాయి. జూన్ పోయింది, జూలై పోయింది. గ్వెన్ కాళ్లు వాచాయి. అటువైపు నుంచి కబురు లేదు. సాక్షులకు ఫోను చేసి కనుక్కుంటారని, ఆ ఫోను ఎత్తకపోతే అంతే సంగతులని రోలండ్ ఎక్కడో చదివాడు. బడికేమో సెలవులు. ఆఫీసు ఫోనును ఇంటికి మళ్లించుకున్నానని మిస్ హెస్కెత్ గుమ్మం దగ్గర కనపడి చెప్పింది. అయినా అతనికి నమ్మకం కుదరలేదు. పక్కింట్లో ఏ గంట మోగినా కుర్చీలోంచి లేచేవాడు.

ఆగస్టులో ఒక ఉదయం మోగింది. మిస్ హెస్కెత్ గొంతు గోడకు ఇవతలికి వచ్చింది. "డబ్లినా? చెప్పండి."

రోలండ్ వంటింట్లోకి పరిగెత్తాడు. అక్కడే గోడ బాగా పలచన. గాజు గ్లాసు ఒకటి తీసి గోడకు ఆనించి చెవి పెట్టాడు. ఇన్నేళ్లూ ఆ గోడలోంచి చప్పుడొస్తోందని ఊరంతా ఏకం చేసిన మనిషి, ఇప్పుడు చాలినంత రావడం లేదని పళ్లు కొరుక్కున్నాడు. గ్వెన్ పొట్ట మోసుకుంటూ వచ్చి, తనూ ఒక గ్లాసు తీసుకుంది.

"అవును, సంతకం నాదే. అవును, ఎరుగుదును... ఎలా అంటే? పక్కిల్లు." అవతల ఇంకేదో అడిగినట్టున్నారు. "ఊరికే చూస్తే నవ్వే పరిచయం కాదమ్మా. మా మధ్య నవ్వులే లేవు."

రోలండ్ కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు.

"సరే, మీరడిగారు కాబట్టి చెబుతున్నా. పిసినారి. రేడియోలో వార్తలు చదివేవాడితో ఎదురు వాదిస్తాడు, గెలుస్తాడు కూడా. తుమ్మితే మూడుసార్లు. పావురాల మీద ఫిర్యాదు రాసి, చలికాలంలో వాటికి రొట్టె ముక్కలు వేస్తాడు, భార్య చూడకుండా." గ్వెన్ రోలండ్ వైపు చూసింది. అతను గోడవైపు చూశాడు.

"ఇంకా ఏం చెప్పమంటారు? ఫొటోలో ఉన్నది ఆయనేనా అంటే, ఆయనే. వేరే మనిషయ్యే అవకాశం లేదు." మళ్లీ ఏదో అడిగారు. ఈసారి ఆవిడ గొంతు తగ్గింది, రోలండ్ గ్లాసు గట్టిగా నొక్కాల్సి వచ్చింది. "వినండమ్మా. రెండేళ్ల కిందట ఆ ఇంట్లో బిడ్డ దక్కలేదు. అంతకు ముందు కూడా ఒకటి. ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి ఆ అమ్మాయి పైగదిలో ఏడ్చింది. ఈయన ఆమెకు వినపడకూడదని కింద వంటింట్లోకొచ్చి ఏడ్చాడు. ఆ వంటింటికీ కింది గదిలోని నా మంచానికీ మధ్య ఈ గోడే. రెండుసార్లూ అంతే. ఒకరి సంగతి ఒకరికి తెలియదనుకుంటా. నాకు ఇద్దరిదీ తెలుసు. ఇంతకంటే వ్యక్తిగతంగా ఎరగడమంటే ఏమిటో మీ ఆఫీసువాళ్లు చెబితే నేర్చుకుంటాను."

డబ్లిన్ వాళ్లు ఏమన్నారో వినపడలేదు.

"బంధువా? కాదు" అంది మిస్ హెస్కెత్. "ఏమీ కాను. ఈ వారమే ఎక్కిస్తారా పేరు? మంచిది. వచ్చే నెలలో పురుడు."

ఫోను పెట్టిన చప్పుడైంది. రోలండ్ గ్లాసు గోడకే ఆనించి పట్టుకొని ఉండిపోయాడు, గ్వెన్ వైపు తిరగడానికి ధైర్యం చాలక. ఆమె చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఇక్కడా?" అంది. "ఈ వంటింట్లోనా?"

"కుళాయి విప్పే ఏడ్చానే" అన్నాడు రోలండ్. "వినపడదనుకున్నా."